లసుమవ్వ పొడి

కోడలి మందు డబ్బాలోని పొడిని పలుచని గుడ్డలో పోసి జల్లించేసరికి పసుపంతా పళ్లెంలోకి దిగి, గుడ్డ మీద తెల్లటి గోళీ ముక్క ఒకటి మిగిలింది.

లసుమవ్వ దాన్ని వేలి కొసతో తిప్పి చూసింది. మిరియపు గింజలో సగం ఉంటుంది. ఒక అంచు నున్నగా ఉంది, ఇంకో అంచు విరిగి ఉంది. శొంఠి పలుకు కాదు. సున్నం పెళ్ల కాదు. మందుల దుకాణంలో రేకు చించితే బయటపడే గోళీ.

"ఏందది?" అన్నాడు కొడుకు శ్రవణ్ వంటింటి గడప మీద నుంచి.

జల్లించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోడలు దీప రోజూ తింటున్న పొడిని డబ్బాతో సహా తెమ్మని డాక్టరు అడిగాడని కొడుకు వచ్చి చెప్పగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. "తీస్కపో. పోయేముందు నీ కండ్ల ముందట్నే జల్లిస్త. పసుపు, శొంఠి, మిరియాలు, తులసాకు తప్ప ఇంకోటి కనవడితే నా పేరు తీసెయ్" అంది. తనే గుడ్డ పరిచింది, తనే పోసింది, తనే జల్లించింది.

శ్రవణ్ వంగి చూశాడు. రాత్రంతా భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"డాక్టరు చెప్పిందే నిజమైంది. స్టిరాయిడ్ గోళీ."

"చూడంగనే పేరు పెడ్తున్నవు. నువ్వేమన్న డాక్టరువా?"

"నేను కాదమ్మా, ఆయన డాక్టరు. దీప మొకం ఉబ్బింది చూసి అన్నడు, బీపీ పడిపోయింది చూసి అన్నడు. ఆ గోళీ రోజూ తిని తిని ఒక్కపాలి బంద్ చేస్తే మనిషి గిట్లనే కూలవడతదంట."

ఒక్కపాలే బంద్ అయింది మరి. తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలని దీప గురువారం ఇందల్వాయిలోని పుట్టింటికి పోయింది. పోయేటప్పుడు డబ్బా మరిచిపోయింది. మూడోనాటి నుంచి వాంతులు. నిన్న నాలుగోనాడు వాకిట్లో కళ్లు తిరిగి పడిపోతే కారులో ఆర్మూరు తెచ్చి దవాఖానలో చేర్చారు.

"ఇప్పుడెట్లుంది?" అంది లసుమవ్వ గుడ్డ మీద నుంచి కళ్లు తీయకుండా.

"సూది ఇచ్చినంక జర నిలవడ్డది. కాని ఆయనకు మూడు సంగతులు కావాల్నంట. ఏ గోళీ, రోజుకెంత, ఎప్పటి సంది. అవి తెలిస్తేనే ఎంత ఇచ్చుకుంట ఎట్ల తగ్గియ్యాల్నో తెలుస్తదంట. తెల్వకపోతే చీకట్ల చెయ్యి పెట్టినట్టే అన్నడు."

"నేను కలుపలే."

"నువ్వు కలిపినవని నేనన్ననా?"

"నీ మొకం అంటుంది."

శ్రవణ్ గోడకు ఆనుకున్నాడు. తర్వాత వాడు గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక మాట చెప్త, ఒర్రకు. డబ్బా దొరకలేదని చెప్దాం. దీపనే ఎక్కడనో గోళీలు కొనుక్కొని తిన్నదేమో అందాం. ఇరవై ఇండ్లల్ల నీ పొడి ఉన్నది. రేపు ఈ ముచ్చట బయటవడితే..."

లసుమవ్వ లేచి నిలబడింది.

"మంచంల పడి ఉన్న నీ పెండ్లాం మీదనే పెడ్తవురా?"

"నీ కోసమే అంటున్న."

"నా కోసం అయితే నోరు మూస్కో. ఇరవై ఇండ్లకు నేనిచ్చిన పొడి అది. ఏమన్న ఉంటే ఇరవై ఇండ్లకు నేనే పోయి చెప్త. నువ్వు నా పేరుకు చాటు పెట్టకు. బండి తియ్."

గోళీ ముక్కను కాగితంలో మడిచి రవికెలో దోపుకుంది. డబ్బా చంకన పెట్టుకుని, పసుపు చేతులు తుడుచుకోకుండానే వాకిట్లోకి నడిచింది.

*

పద్నాలుగేళ్ల కిందట ఈ పొడి పుట్టింది ఆమె మొగుడి ముక్కు కోసం.

చిన్నన్న పసుపు రైతు. తాత నాటి నుంచి పసుపే. అలాంటి మనిషికి పసుపు ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టే కాలం వచ్చిందంటే తుమ్ములు మొదలయ్యేవి. డ్రమ్ము తిరుగుతుంటే లేచే పచ్చటి దుమ్ముకు కళ్లు వాచేవి, మాపటికి దమ్ము పట్టుకునేది. మార్కెట్ యార్డులో నవ్వేవాళ్లు. పసుపు పడని పసుపు రైతని పేరు పెట్టారు. అప్పుడు లసుమవ్వ పొడి దంచింది, పత్యం పెట్టింది. పెరుగు బంద్, అరటిపండు బంద్, వంకాయ బంద్, చల్లనిదేదైనా బంద్. జొన్నరొట్టె, మునగాకు, వెల్లుల్లి కారం. పొద్దున వేడి పాలల్లో చెంచాడు పొడి, మాపున వాము వేసిన నీళ్ల ఆవిరి. ఒక నెలలో మొగుడి తుమ్ము ఆగిపోయింది. ఆ తర్వాత ఏ ఏడూ డ్రమ్ము పక్కన నిలబడి ఒక్క తుమ్ము తుమ్మలేదు.

పసుపు దుమ్ముతో వచ్చిన జబ్బును పసుపుతోనే పోగొట్టిందని ఊరు చెప్పుకుంది. హమాలీలు వచ్చి పట్టుకుపోయారు. టీచరమ్మలు వచ్చారు. పొడికి ఆమె పేరే నిలిచింది.

నిరుడు కోడలు వచ్చింది. దీపది మక్కలు పండే ఊరు, పసుపు దుమ్ము ఎరగని పిల్ల. ఈ ఏడు డ్రమ్ము మొదలైన నాడే ముక్కు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. లసుమవ్వకు లోపల్లోపల సంతోషం వేసిందంటే అబద్ధం కాదు. తన పొడి చేసే పని సొంత కోడలికి చూపించే అవకాశం దొరికింది.

ఇప్పుడు శ్రవణ్ బండి వెనకాల కూర్చుని, మామిడిపల్లి చౌరస్తా దాటేవరకు ఆమె ఒకటే ఆలోచించింది. వంటింట్లోకి గోళీలు ఎవరి చేతిలో వచ్చాయి?

గోళీలతో తిరిగే మనిషి ఆమెకు ఒక్కతే తెలుసు.

*

రూత్ వాళ్ల వాడలోనే ఉంటుంది. దవాఖానలో నర్సు. పోయిన నెల దీపను చూసి, "పొడి తాగితే తాగు అక్కా, కాని డ్రమ్ము తిరిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, అటు దిక్కు పోకు, మాపున తలస్నానం చెయ్, డాక్టరుకు ఒక్కసారి చూపియ్" అని సలహా చెప్పింది. అందుకు లసుమవ్వ వాడంతా వినేటట్టు తిట్టింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

వార్డు తలుపు దగ్గరే రూత్ ఎదురైంది.

"డబ్బా తెచ్చినవా పెద్దమ్మా?"

"తెచ్చిన. నువ్వు చేసిన పని గూడ తెచ్చిన." లసుమవ్వ కాగితం విప్పి చూపించింది. "గోళీలు నీ చేతులల్లనే ఉంటయి గద. నా పొడి పనిచేస్తలేదని చూపియ్యాలని కలిపినవా?"

రూత్ గోళీ ముక్క వంక చూసింది. తర్వాత లసుమవ్వ వంక చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి కొరికింది.

"నీ పొడి పనిచెయ్యదని చూపియ్యాలంటే పనిచేసే గోళీ ఎందుకు కలుపుత పెద్దమ్మా? సుద్ద కలుపుత."

లసుమవ్వ కాగితాన్ని వెలుతురుకు పట్టి గోళీ ముక్కను మళ్లీ చూసింది.

"ఇంకోటి. నీ వంటింట్లకు నన్ను ఎప్పుడు రానిచ్చినవు? నిరుడు క్రిస్మస్‌కు కేకు తెస్తే వాకిట్లనే తీస్కున్నవు."

"నాకు మోకాళ్ల నొప్పులుండె ఆనాడు."

"ఉండె, ఉండె. కేకు మంచిగుందా?"

"మంచిగనే ఉండె," అంది లసుమవ్వ గుర్రుగా. "సరే, నువ్వు కాదు. ఇది ఏ గోళీ?"

"గింత ముక్క చూసి ఎట్ల చెప్త? ఇసొంటివి మస్తుగుంటయి. కలిపినోళ్లే చెప్పాలె." రూత్ గొంతు మారింది. నవ్వు పోయింది. "తొందరగ చెప్పాలె పెద్దమ్మా. సార్ మధ్యాహ్నం దాంక అందాజతోని నెట్టుకొస్తడు. అటెనుక కష్టం."

దీప మంచం కిటికీ పక్కన ఉంది. మొహం గుండ్రంగా, నున్నగా ఉబ్బి ఉంది. నెల నుంచి ఆ మొహాన్ని చూసి, తన పత్యం వల్ల కోడలు ఒళ్లు చేసిందని లసుమవ్వ అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు తెలిసింది ఆ నునుపు దేనిదో.

"అత్తమ్మా," అంది దీప. గొంతు పీలగా ఉంది, మాట మాత్రం గట్టిగానే ఉంది. "తిట్టేదుంటే తిట్టు. కాని నేను ఏ గోళీ కొనుక్కోలే."

"నిన్ను ఎవరడిగిండ్రు?"

"ఇంకా అడగలే. అడుగుతరని ముందే చెప్తున్న." దీప శ్రవణ్ వైపు చూసింది. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంకో మాట గూడ చెప్త. ఇన్నాళ్లు చెప్పలే. నీ పొడి నాకు పనిచెయ్యలే అత్తమ్మా."

"పని చెయ్యకపోతే తుమ్ములెట్ల ఆగినయి?"

"మొదలు ఇరవై రోజులు ఆగలే. పత్యం మొత్తం చేసిన, ఒక్క పూట తప్పలే. రొట్టె తిన్న, ఆవిరి పట్టిన. తుమ్ముకుంటనే ఉన్న. నువ్వు వస్తున్న సప్పుడైతే ముక్కు మూస్కొని బాత్రూంల తుమ్మిన."

ఆ మాటకు రూత్ తల పక్కకు తిప్పుకుంది.

"మరి ఎప్పుడు ఆగినయి?" అంది లసుమవ్వ.

"పెరుగన్నం తిన్నంక."

ఆ రోజు లసుమవ్వకు బాగా గుర్తుంది. దొంగతనంగా గిన్నెలో పెరుగన్నం తింటూ దొరికింది దీప. పత్యం చెరిపినందుకే తుమ్ములు పోవట్లేదని గంటసేపు దులిపింది. ఆ పిల్ల బోరింగు కాడికి పోయి గిన్నెలు తోముతూ ఏడ్చింది.

"ఆ దినం ఒక్క బుక్కెడే తిన్న," అంది దీప. "నోరు చచ్చిపోయి తిన్న. ఏడుస్తుంటే మామ వచ్చిండు. బోరింగు కొట్టి నీళ్లు వోసిండు. ఏడ్వకు బిడ్డా, ఎల్లుండి సంది తగ్గుతది చూడు, అన్నడు. నిజంగనే ఎల్లుండికి తగ్గింది. మామ మాట దేవుని మాట అనుకున్న."

లసుమవ్వ ఆ మాటను లోపలే మళ్లీ అనుకుంది.

ఎల్లుండి. మొగుడు రోజు కూడా చెప్పాడు. పద్నాలుగేళ్ల నుంచి రోగాలకు పొడి ఇస్తున్న తనే ఏనాడూ ఎవరికీ రోజు చెప్పలేదు.

"శ్రవణ్," అంది. "బండి తియ్."

"ఎక్కడికి?"

"కళ్లం కాడికి."

"బాపు దగ్గరికా? బాపుకేం ఎరుక?"

లసుమవ్వ అప్పటికే మెట్లు దిగుతోంది.

*

పెర్కిట్ దారిలో వాళ్ల కళ్లం. దూరం నుంచే డ్రమ్ము చప్పుడు వినిపించింది. ఎండిన పసుపు కొమ్ములు ఇనుప డ్రమ్ములో దొర్లుతుంటే జాలీలోంచి పచ్చటి దుమ్ము పొగలా లేస్తోంది. కుప్పలు పచ్చగా ఉన్నాయి, కింద పరిచిన తాడిపత్రి పచ్చగా ఉంది, డ్రమ్ము తిప్పే రాజం కనుబొమలు కూడా పచ్చగా ఉన్నాయి.

చిన్నన్న ఎప్పుడూ నిలబడే చోట లేడు. అవతల సంచుల చాటున కూర్చుని, తువ్వాల ముక్కుకు అదిమి పెట్టుకున్నాడు. లసుమవ్వ చూస్తుండగానే వరసగా ఐదు తుమ్ములు తుమ్మాడు.

పద్నాలుగేళ్లలో మొగుడు తుమ్మగా ఆమె విన్నది అదే మొదలు.

"రాజం!" అని కేకేసింది. "డ్రమ్ము బంద్ చెయ్!"

"ఇంకొక్క గంటల అయిపోతది అవ్వా. మాపటికి బండి వస్తది—"

"బండి రానీ, రైలు రానీ. బంద్ చెయ్యమన్న!"

మోటారు ఆగింది. డ్రమ్ము రెండు చుట్లు ఊరికే తిరిగి నిలిచింది. అంత చప్పుడు ఒక్కసారి పోయేసరికి కళ్లమంతా బోసిపోయినట్టయింది. రాజం మెల్లగా నీళ్ల కుండ వైపు జరిగాడు.

"నువ్వెక్కడికి? ఈడనే ఉండు," అంది లసుమవ్వ. "ఇది ఇంట్ల గుసగుసలాడే ముచ్చట కాదు. నా పొడి గురించి వాడంత విన్నది, దాని కథ గూడ నలుగురి ముందట్నే తేలాలె."

చిన్నన్న తువ్వాల తీశాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మొహం పాలిపోయింది.

"కోడలెట్లుంది?" అన్నాడు.

"ఆమెకు ఎట్లుండాల్నో నీ నోట్ల ఉన్నది. ఏ గోళీ? రోజుకెంత? ఎప్పటి సంది?"

శ్రవణ్ ముందుకొచ్చాడు. "అమ్మా, ఏం మాట్లాడుతున్నవు? బాపు ఎందుకు—"

"నువ్వు ఊకో. పొద్దుగాల నువ్వు నా పేరు కాపాడుతనన్నవు. ఇగ మీ బాపు ఏం కాపాడిండో విందాం." మొగుడి వైపు తిరిగింది. "ఎల్లుండి తగ్గుతదని నీకెట్ల ఎరుక? జ్యోతిష్యం నేర్చినవా?"

చిన్నన్న నేల వైపు చూశాడు.

"నా మొకం చూసి చెప్పు. నలబై ఏండ్లు నీ తోని కాపురం చేసిన. కొట్టినా పడలే, తిట్టినా పడలే, ఎవ్వనికి భయపడలే. ఒక్క అబద్ధానికి భయపడి ఇంట్ల దాక్కుంటననుకున్నవా? నా పొడి ఒట్టిదైతే ఒట్టిదని నేనే చాటిస్త. పసుపు మిరియాల పాలు గొంతుకు మంచిది, గంతకు మించి ఏం లేదని ఇంటింటికి తిరిగి చెప్త. నాకేం నామోషి లేదు. కాని ఆ పిల్లకు ఏమన్న అయిందో, నీ ఇంట్ల బువ్వ ముట్ట. చెప్పు!"

శ్రవణ్ ఎవరి వైపు చూడాలో తెలియక తన చేతులు చూసుకున్నాడు.

చిన్నన్న ఇంకోసారి తుమ్మబోయి ఆపుకున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"కలిపిన. నేనే కలిపిన లసుమా. రాయి శ్రవణ్, ఫోన్ల రాస్కో. పది ఎంజీ గోళీ, రోజుకొకటి. బుధవారం బుధవారం మీయమ్మ డబ్బా నింపినంక ఏడు గోళీలు దంచి కలిపిన. శివరాత్రికి పది రోజుల ముంగట సంది. పేరున్న రేకు నా అంగి జేబుల ఉన్నది, పట్టుకపో."

శ్రవణ్ ఫోను తీసి రాసుకున్నాడు. రూత్ నంబరు వెతుక్కుంటూ పక్కకు పోయాడు.

"ఆ గోళీలు నీకెక్కడియి?" అంది లసుమవ్వ.

"నాయి. నేను తినేటియి." చిన్నన్న ఒక్కో మాటా మూట మోసుకొచ్చినట్టు చెప్పాడు. "నీ పొడి తోని నాకు ఏనాడు తగ్గలే. పద్నాలుగేండ్ల కింద నిజామాబాద్ల ఒకాయన రాసిచ్చిండు, ఐదు రోజులు తినమని. ఐదు రోజులల్ల తుమ్ము వోయింది. ఇంటికొచ్చి నీకు చెప్దామంటే నువ్వు అప్పటికే వాడంత చెప్పొచ్చినవు, మా ఆయనకు నా పొడి తోని తగ్గిందని. మీ అవ్వ పోయిన ఏడు అది. ఏడాది నువ్వు నవ్వంగ చూడలే. ఆనాడు నవ్వినవు. ఇగ నాకు నోరు రాలే. ఏటా డ్రమ్ము తిరిగే మూడు నెలలు దాస్కొని తింటనే ఉన్న. డ్రమ్ము ఆగినంక మిగిలినయి సగం సగం తినుకుంట మానేస్తుంటి."

లసుమవ్వ చేతిలో కొంగు చివర మెలికలు తిరుగుతోంది.

"కోడలు ఏడ్చిన నాడు నాకు పాణం ఒప్పలే. ఆ పిల్ల తప్పేం లేదని నాకొక్కనికే ఎరుక. నీకు చెప్తే నువ్వు కూలవడతవు. చెప్పకపోతే ఆ పిల్ల కూలవడతది. అందుకే గోళీ కలిపిన. ఇద్దరూ మంచిగుంటరనుకున్న. బంద్ చేస్తే గిట్లయితదని ఎరుక లేదు లసుమా, ఒట్టు."

"లే," అంది లసుమవ్వ. "లేచి నడువు. ఈ మాటలన్ని కోడలి మంచం కాడ నిలవడి చెప్పు. ముందు ఆమెకు చెప్పు, అటెనుక నాకు."

చిన్నన్న సంచి మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. మోకాళ్లు నిలవలేదు. మళ్లీ కూలబడి, పచ్చటి నేల మీద అరచేతులు ఆన్చాడు. నుదుటి మీద చెమట చుక్కలు లేచాయి.

"లేస్తలే," అన్నాడు. "పొద్దున సంది చూస్తున్న, లేస్తలే. ఇద్దరికి పంచేసరికి రేకులు అయిపోయినయి. దుకాణపాయన పాత చీటీకి ఇయ్యనన్నడు. బుధవారం సంది నేను గూడ తింటలేను లసుమా. డాక్టరుకు చెప్పు, కోడలి పక్కన ఇంకో మంచం ఎయ్యమని."